అటక లేని ఊరిలో పాత కంప్యూటర్లు

పాత వస్తువులను పోగుచేసి దాచుకునే అభిరుచి గురించి రాసేవారు సాధారణంగా బాల్యస్మృతినో, ఆ వస్తువు మీది మమకారాన్నో కారణంగా చూపుతారు గాని, ఆ వస్తువు ఇన్నేళ్లపాటు ఏ కప్పు కింద భద్రంగా ఉంది, ఆ కప్పు ఎవరిది, పనికిరాని దాన్ని అక్కడ ఉంచుకునే హక్కు వారికి ఎలా దక్కింది అన్న ప్రశ్నలను పెద్దగా పట్టించుకోరు. 1970ల చివరి నుంచి 1990ల తొలి సంవత్సరాల దాకా ఇళ్లలో వాడుకోవడానికి అమ్ముడైన చిన్న కంప్యూటర్లను వెతికి తెచ్చి, బాగుచేసి, మళ్లీ నడిపించే అభిరుచి విషయంలో ఈ ప్రశ్నలను తప్పించుకోవడం కష్టం. ఎందుకంటే ఆ యంత్రాల మీద మమకారం ఉన్నవారు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. యంత్రాలు మాత్రం కొన్ని దేశాల్లోనే విరివిగా మిగిలాయి. ఖతార్ ఈశాన్య తీరాన, దోహాకు ఉత్తరంగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న అల్ ఖోర్ లాంటి ఊరు, అంటే అక్కడ పనిచేసే విదేశీయులు దాదాపు అందరూ ఎప్పుడో ఒకప్పుడు సర్దుకుని వెళ్లిపోవలసిన ఊరు, ఈ తేడాను అర్థం చేసుకోవడానికి లండన్ కన్నా, టోక్యో కన్నా అనువైన చోటు.

హోమ్ కంప్యూటర్ అన్న మాటకు ఆనాడు ఒక నిర్దిష్టమైన రూపం ఉండేది. కీబోర్డు పెట్టెలోనే ప్రాసెసరూ మెమరీ చిప్పులూ ఇమిడి ఉండేవి. ఇంట్లోని టీవీయే తెరగా పనిచేసేది. ప్రోగ్రాములు దాచుకోవడానికి పాటల క్యాసెట్టు సరిపోయేది. 1975లో అమెరికాలో వచ్చిన ఆల్టెయిర్ 8800కు తెరా లేదు, కీబోర్డూ లేదు, ముందువైపు కొన్ని స్విచ్చులూ కొన్ని దీపాలూ మాత్రమే ఉండేవి. రెండేళ్లకే, 1977లో, ఆపిల్ 2, కొమొడోర్ పెట్, టీఆర్‌ఎస్-80 అనే మూడు యంత్రాలు విప్పి పెట్టుకుంటే నడిచే సరుకుగా అంగళ్లలోకి వచ్చాయి. 1982లో బ్రిటన్‌లో 16 కిలోబైట్ల మెమరీతో 125 పౌండ్లకు సింక్లెయిర్ జడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్, అమెరికాలో 64 కిలోబైట్ల మెమరీతో 595 డాలర్లకు కొమొడోర్ 64 వచ్చాక కంప్యూటర్ అనేది మధ్యతరగతి పిల్లలు అడిగి కొనిపించుకునే వస్తువు అయింది.

ఆల్టెయిర్ తర్వాత వచ్చిన ఈ యంత్రాలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న లక్షణం ఒకటుంది, అభిమానులను నలభై ఏళ్లుగా పట్టి ఉంచుతున్నది కూడా అదే. స్విచ్చి వేసిన ఒకటి రెండు క్షణాల్లోనే, కరెంటు పోయినా చెరిగిపోని మెమరీ అయిన 'రోమ్' చిప్పులోంచి బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష నేరుగా తెర మీదికి వచ్చి, రాయమని ఎదురుచూసేది. అక్కడ చూపించడానికి బొమ్మల పట్టిక లేదు, ఖాతా తెరవమనే కోరిక లేదు. వాడుకరి ఏదో ఒకటి రాయాలి, లేకపోతే యంత్రం ఏమీ చేయదు. వాడేవాడు వేరు, రాసేవాడు వేరు అన్న విభజన ఇంకా స్థిరపడని ఆ కొద్ది కాలంలో పన్నెండేళ్ల పిల్లవాడికి కూడా మెమరీలోని ఏ గడిలో ఏ సంఖ్య ఉందో చూసే, దాన్ని మార్చే అధికారం ఉండేది. పెద్ద ప్రాసెసర్ల యుగంలో ఈ అధికారం మెల్లగా నిపుణుల చేతికి పోయింది. పాత యంత్రాన్ని బల్ల మీద పెట్టుకుని స్విచ్చి వేసేవారు నిజానికి కోరుకునేది ఆటలను కాదు, ఆ అధికారాన్ని. ఆటలే కావాలనుకుంటే వాటిని ఫోనులోనే ఆడుకోవచ్చు, చాలామంది ఆడుకుంటున్నారు కూడా.

అభిమానుల బృందాల చరిత్రను చదివినప్పుడు అందులో పదేపదే కనిపించేది ఇల్లు. 1975 మార్చి 5న కాలిఫోర్నియాలోని మెన్లో పార్కులో హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ తొలి సమావేశం జరిగింది ఒక సభ్యుడి సొంత ఇంటి కారు షెడ్డులో. ఇంగ్లండులో, నెదర్లాండ్స్‌లో పాత యంత్రాలు బయటపడేది ఎక్కువగా పైకప్పు కింద ఉండే అరల నుంచి. తల్లిదండ్రులు ఇల్లు మారినప్పుడో, వారు కన్నుమూశాక పిల్లలు సామాను తీసినప్పుడో అవి వెలుగు చూస్తాయి. 1997లో కాలిఫోర్నియాలో మొదలైన వింటేజ్ కంప్యూటర్ ఫెస్టివల్ లాంటి సంతలకు సరుకు ఇలాంటి ఇళ్ల నుంచే వచ్చింది. ఈ యంత్రాల మీద చిత్రం, సంగీతం, ప్రోగ్రామింగ్ కలిపి అతి కొద్ది బైట్లలో ప్రదర్శనలు అల్లే 'డెమోసీన్' అనే కళను ఫిన్లండ్ 2020లో తన అమూర్త సాంస్కృతిక వారసత్వ జాతీయ జాబితాలో చేర్చుకుంది. అమూర్తమని పేరు పెట్టినా ఆ కళకు ఆధారమైన యంత్రాలు మాత్రం చాలా మూర్తమైన ఇళ్లలో, చాలా మూర్తమైన అరల మీద బతికాయి.

గల్ఫ్ దేశాలకు సొంత హోమ్ కంప్యూటర్ చరిత్ర లేదనుకుంటే పొరపాటు. 1983లో జపాన్‌కు చెందిన కజుహికో నిషి, ఆయన ఆస్కీ సంస్థ, మైక్రోసాఫ్ట్ కలిసి ఎంఎస్ఎక్స్ అనే ఉమ్మడి ప్రమాణాన్ని ప్రకటించారు. ఆనాడు ఒక కంపెనీ కంప్యూటరుకు రాసిన ప్రోగ్రాము మరో కంపెనీ కంప్యూటరులో నడిచేది కాదు. సోనీ, యమహా, తోషిబా, సాన్యో, ఫిలిప్స్ వంటి సంస్థలు తమ తమ పేర్లతో యంత్రాలు చేసినా, ఎవరు చేసిన ప్రోగ్రాము క్యాట్రిడ్జి అయినా అన్నిటిలోనూ నడవాలన్నది ఎంఎస్ఎక్స్ ఉద్దేశం. 3.58 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే జడ్80 ప్రాసెసరు, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి బొమ్మల చిప్పు, మూడు స్వరాలు పలికే శబ్దపు చిప్పు దానికి పునాది. అమెరికాలో ఈ ప్రమాణం నిలదొక్కుకోలేదు గాని జపాన్, నెదర్లాండ్స్, స్పెయిన్, బ్రెజిల్ దేశాల్లో వేళ్లూనుకుంది. ఐదో చిరునామాను కువైట్ తీసుకువచ్చింది, అరబ్ ప్రపంచమంతటికీ కలిపి. మహమ్మద్ అల్ షారిఖ్ అనే కువైటీ వ్యాపారవేత్త 1982లో స్థాపించిన అల్ ఆలమియా సంస్థ, యమహా, సాన్యోల చేత యంత్రాలు తయారుచేయించి, వాటికి అరబీ రోమ్ అమర్చి, 'సఖర్' పేరుతో గల్ఫ్ దేశాల్లోనూ ఈజిప్టులోనూ అమ్మింది. ఏఎక్స్-170 వాటిలో బాగా చలామణీ అయిన నమూనా.

సఖర్ సాధించిన పనిని అంచనా వేయాలంటే ఆ తెర ఎంత ఇరుకైనదో తెలుసుకోవాలి. ఎంఎస్ఎక్స్ తెర మీద అడ్డంగా 256, నిలువుగా 192 చుక్కలు. ఒక అక్షరానికి దక్కేది ఎనిమిది చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు ఉన్న ఒక గడి. అరబీ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, అక్షరాలు ఒకదాన్నొకటి అంటుకుంటాయి, ఒంటరిగా ఉన్నప్పుడూ, మాట మొదట్లోనూ, మధ్యలోనూ, చివర్లోనూ ఉన్నప్పుడూ చాలా అక్షరాల రూపం మారుతుంది. ఈ నియమాలన్నిటినీ కొన్ని కిలోబైట్ల రోములో కుదించి, అరబీ మాటలతోనే ఆదేశాలు రాసుకోగల బేసిక్‌ను సఖర్ పిల్లల చేతికి అందించింది. ఇదే యంత్రానికి తెలుగు నేర్పవలసి వచ్చి ఉంటే చిక్కు మరో దిశలో ఎదురయ్యేది. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరంలో సకారం, దాని పైన దీర్ఘపు గుడి, కింద తకారపు ఒత్తు, దాన్ని చుట్టిన క్రారవడి ఉంటాయి. అరబీ పక్కకు పాకితే తెలుగు పైకీ కిందికీ అంతస్తులు కడుతుంది, ఎనిమిది చుక్కల ఎత్తులో అన్ని అంతస్తులు పట్టవు. అసాధ్యమేమీ కాదు, ఒక అక్షరానికి రెండు మూడు గడులు కేటాయిస్తే సరిపోయేది. కాని ఆ పని పెట్టుబడి పెట్టి చేయించే అల్ షారిఖ్ తెలుగువారికి దొరకలేదు. తెలుగు కంప్యూటరులోకి వచ్చింది ఇంటి దారిన కాదు, ఆఫీసు దారిన: ఐఐటీ కాన్పూర్‌లో పుట్టి, 1988లో ఏర్పడిన సీడాక్ చేతుల్లో ఎదిగిన జిస్ట్ కార్డు రూపంలో, ఆఫీసుల పీసీలలో గుచ్చే పలకగా వచ్చింది, 1991లో భారతీయ లిపుల సంకేత ప్రమాణం ఇస్కీ, అదే ఏడు యూనికోడ్ తొలి కూర్పు వెలువడ్డాయి. అప్పటికి హోమ్ కంప్యూటర్ల కాలం ముగింపుకొచ్చింది. అందువల్ల స్విచ్చి వేయగానే తెలుగులో పలకరించిన ఇంటి కంప్యూటరు జ్ఞాపకం ఏ తెలుగువాడికీ లేదు. తెలుగువారి అభిరుచి మొదటి నుంచీ అరువు తెచ్చుకున్న అక్షరాలతోనే సాగింది.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి చొరబడింది. సఖర్ కార్యకలాపాలు కైరోకు తరలాయి, సంస్థ ఇంటి యంత్రాలను వదిలి అరబీ సాఫ్ట్‌వేర్ వైపు, భాషాశాస్త్రం వైపు మళ్లింది. గల్ఫ్ అభిమానులు ఈనాడు వెతుకుతున్న యంత్రాల సంఖ్య ఆ ఏడుతోనే దాదాపు స్థిరపడిపోయింది.

అల్ ఖోర్ ఆ రోజుల్లో ఇంకా చేపల ఊరే. అంతకు ముందు ముత్యాల ఊరు. 1930లలో జపాన్ పెంపకపు ముత్యాలూ, ప్రపంచ ఆర్థిక మాంద్యమూ కలిసి గల్ఫ్ ముత్యాల వ్యాపారాన్ని కూల్చినప్పుడు ఖతార్ తీరంలోని పల్లెలన్నీ చితికిపోయాయి, వాటిలో ఇదీ ఒకటి. 1971లో సముద్రగర్భంలో నార్త్ ఫీల్డ్ సహజవాయు నిక్షేపం బయటపడింది. 1996 చివర్లో ఖతార్ తొలి ద్రవీకృత సహజవాయు నౌక రాస్ లఫాన్ రేవు నుంచి బయల్దేరింది, దాని గమ్యం జపానే. ముత్యాల జీవనం పోగొట్టిన దేశమే గ్యాసు జీవనాన్ని కొనుక్కోవడం, నడుమ కొంతకాలం గల్ఫ్ పిల్లల బల్ల మీదికి కంప్యూటర్లు తయారుచేసి పంపడం చరిత్రలో తరచూ కనిపించే విడ్డూరాల్లో ఒకటి. రాస్ లఫాన్ కర్మాగారాల ఉద్యోగుల కోసం అల్ ఖోర్‌లో వరుసల ఇళ్ల కాలనీ వెలిసింది. పనివారి క్యాంపులు ఊరి చుట్టూ పెరిగాయి. 2022 నవంబరు 20న ప్రపంచ ఫుట్‌బాల్ పోటీల తొలి ఆట గుడారం ఆకారంలోని అల్ బైత్ స్టేడియంలో జరిగాక ఊరి పేరు అందరికీ తెలిసింది. గోదావరి జిల్లాల నుంచీ, కడప నుంచీ, కరీంనగర్, నిజామాబాద్‌ల నుంచీ గల్ఫ్‌కు వెళ్లినవారిలో ఇంజినీర్లు, ఫిట్టర్లు, వెల్డర్లు, డ్రైవర్లు ఇలాంటి ఊళ్లలోనే కుదురుకున్నారు.

కుదురుకోవడం అన్న మాట ఇక్కడ కొంత జాగ్రత్తగా వాడవలసినది. ఖతార్‌లో విదేశీయుడి నివాసం ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. 2020లో ఉద్యోగం మారడానికి పాత యజమాని ఇచ్చే నిరభ్యంతర పత్రం అవసరాన్ని తొలగించారు, అది చిన్న మార్పు కాదు. అయినా ఉద్యోగం ముగిస్తే అకామా అనే నివాస అనుమతి ముగుస్తుంది, అకామా ముగిస్తే ఇల్లు ముగుస్తుంది. 2018 నాటి చట్టం ప్రకారం శాశ్వత నివాసం ఏటా అతి కొద్దిమందికే దక్కుతుంది. కంపెనీ ఇచ్చిన క్వార్టర్లో ఏళ్లకేళ్లు ఉన్న కుటుంబానికి కూడా ఆ గోడలు కంపెనీవే. క్యాంపులో ఉండే కార్మికుడికి మంచం, దాని కింద పెట్టె, తలవైపు చిన్న బీరువా తప్ప జాగా లేదు. వెళ్లే రోజు వచ్చినప్పుడు సామాను మూడు భాగాలవుతుంది: విమానంలో వెంట పట్టేది, కార్గోలో పంపేది, పక్కవారికి అమ్మేది లేదా ఇచ్చేసేది. టీవీకి తగిలించే పాత కీబోర్డు డబ్బా మొదటి భాగంలోకి ఎప్పుడూ రాదు. కార్గో కిలో లెక్కన ఉంటుంది కాబట్టి రెండో భాగంలోకీ అరుదుగా వస్తుంది. మూడో భాగంలోకి వస్తే అది చేతులు మారుతూ, మారిన ప్రతిసారీ ఒక వైరో, ఒక క్యాట్రిడ్జో, సూచనల పుస్తకమో పోగొట్టుకుంటూ చివరకు తుక్కులో చేరుతుంది. ఐరోపా అటకలు ఏ శ్రమా లేకుండా చేసిన పని, అంటే మరచిపోయి వదిలేయడం ద్వారా కాపాడడం, ఇక్కడ జరగదు. ఇక్కడ ఏ వస్తువునూ మరచిపోనివ్వరు. ప్రతి వస్తువు గురించీ రెండేళ్లకో నాలుగేళ్లకో ఒక నిర్ణయం తీసుకోవలసి ఉంటుంది, పనికిరాని వస్తువు ఆ నిర్ణయంలో ఎప్పుడూ ఓడిపోతుంది.

ఒక వస్తువు మాత్రం ఆ నిర్ణయాల్లో దాదాపు ప్రతిసారీ గెలిచింది: టూ ఇన్ వన్, అంటే రేడియో, క్యాసెట్ రికార్డరు కలిసిన పెట్టె. 1980లలో గల్ఫ్ నుంచి తిరిగివచ్చిన తెలుగువాడి ఇంట్లో దాని స్థానం ఏమిటో అందరికీ తెలిసినదే. హోమ్ కంప్యూటర్ల చరిత్రలో దాని పాత్ర మాత్రం తెలుగులో ఎవరికీ పట్టలేదు. ఆ యంత్రాల డిస్కు అదే. ఎంఎస్ఎక్స్ కంప్యూటరు ప్రోగ్రామును క్యాసెట్టు మీదికి శబ్దంగా పంపుతుంది. సున్నాకు 1200 హెర్ట్జ్ స్వరపు ఒక అల, ఒకటికి 2400 హెర్ట్జ్ స్వరపు రెండు అలలు. ఒక బైటులోని ఎనిమిది అంకెలకు ముందు ఒక ఆరంభ సూచిక, తర్వాత రెండు ముగింపు సూచికలు కలిపితే పదకొండు అవుతాయి. సెకనుకు 1200 చొప్పున లెక్కవేస్తే 16 కిలోబైట్ల ప్రోగ్రాము లోపలికి రావడానికి రెండున్నర నిమిషాలు పడుతుంది, అంతసేపూ స్పీకరులోంచి కీచుమనే మోత వినిపిస్తూనే ఉంటుంది. క్యాసెట్టు తలకాయ టేపుకు సరిగ్గా నిటారుగా లేకపోతే హెచ్చు స్వరాలు మసకబారి యంత్రం మధ్యలో మొరాయిస్తుంది; అప్పుడు తలకాయ పక్కనున్న చిన్న మరను పావు చుట్టు అటో ఇటో తిప్పి, మోత పదునెక్కే చోట ఆపాలి. పాటల కోసం టేపు రికార్డరు బాగుచేసే ప్రతి మెకానిక్కుకూ ఈ మర తెలుసు. నెదర్లాండ్స్‌లో 1980ల తొలినాళ్లలో బేసికోడ్ అనే పద్ధతిలో కంప్యూటర్ ప్రోగ్రాములను రేడియోలోనే ప్రసారం చేసేవారు, శ్రోతలు ఆ మోతను క్యాసెట్టు మీద పట్టుకుని తమ యంత్రాలకు వినిపించేవారు. అందుకు వారికి కావలసిన పరికరం రేడియో, టేపు కలిసిన ఆ పెట్టే. పనిముట్టు ప్రతి గల్ఫ్ తెలుగు ఇంటికీ చేరిన కాలంలో, దానికి కలపవలసిన రెండో పెట్టె వాటిలో అతి కొద్ది ఇళ్లకే చేరడం ఈ చరిత్రలో అన్నిటికన్నా విచారించవలసిన సంగతి.

స్వదేశంలో పరిస్థితి ఏమంత మెరుగు కాదు. 1967లో హైదరాబాదులో ఏర్పడిన ఈసీఐఎల్ 1969లోనే టీడీసీ-12 అనే కంప్యూటరును తయారుచేసి అందించింది, కాని అది పరిశోధనశాలలకు ఉద్దేశించిన యంత్రం. దిగుమతి సుంకాల గోడ ఎత్తుగా ఉన్న రోజుల్లో, 1984 నవంబరులో ప్రకటించిన కొత్త కంప్యూటర్ విధానం ఆ గోడను కొంత దించింది. అదే కాలంలో క్లాస్ అనే ప్రయోగ పథకం కింద దేశంలోని సుమారు 250 పాఠశాలలకు బ్రిటన్‌లో రూపొందిన బీబీసీ మైక్రో కంప్యూటర్లను పంపారు. పుణెలోని డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ 1986లో స్పెక్ట్రమ్ ప్లస్‌ను అనుమతితో తయారుచేసి డీబీ స్పెక్ట్రమ్ పేరుతో అమ్మింది. ఇవి చేరిన బడులలో యంత్రాల గదికి తాళం ఉండడం, తాళంచెవి ప్రధానోపాధ్యాయుడి దగ్గర ఉండడం మామూలు. రాసుకోమని అడిగే యంత్రాన్ని బీరువాలో పెట్టి కాపాడే అలవాటు మన దేశపు తొలి కంప్యూటర్ విద్యకు జరిగిన అతి పెద్ద నష్టమని చెప్పడానికి సంకోచించనక్కరలేదు.

మిగిలిన యంత్రాలను వాతావరణం వదలలేదు. ఆ కాలపు ఏబీఎస్ ప్లాస్టిక్కులో మంటలు అంటుకోకుండా కలిపిన బ్రోమిన్ రసాయనాలు ఎండకూ గాలికీ మారి పెట్టెలను పసుపుపచ్చగా చేస్తాయి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లలోని ద్రవం కారి కింది రాగి దారులను తినేస్తుంది. కీబోర్డు కింది పలుచని పొర పెళుసెక్కి విరుగుతుంది. క్యాసెట్టు టేపుకు బూజు పడుతుంది. వేసవిలో 45 డిగ్రీలు దాటే వేడి, సముద్రపు తేమ, ఉప్పుగాలి, సన్నని ధూళి కలిసి ఉండే అల్ ఖోర్ తీరంలో ఈ పనులన్నీ త్వరగా జరుగుతాయి. కోస్తా ఆంధ్రలో వాటికి వోల్టేజీ హెచ్చుతగ్గులు తోడవుతాయి. పసుపెక్కిన ప్లాస్టిక్కును తెల్లబరచడానికి హైడ్రోజన్ పెరాక్సైడు పూసి అతినీలలోహిత కాంతిలో ఉంచే పద్ధతిని 2008 ప్రాంతంలో అభిమానులే కనిపెట్టుకున్నారు. చలిదేశాలవారు ఇందుకు ప్రత్యేక దీపాలు కొంటారు; ఖతార్‌లో ఉన్నవారికి మేడ మీది ఎండ ఉచితం, కాకపోతే కాస్త ఏమరిస్తే ప్లాస్టిక్కుకు మచ్చలు పడతాయి. విద్యుత్తు విషయంలోనూ మెలకువ కావాలి: జపాన్‌లో అమ్మిన యంత్రం 100 వోల్టులది, ఖతార్‌లో గోడ ఇచ్చేది 240, నడుమ ట్రాన్స్‌ఫార్మరు లేకుండా తగిలిస్తే నలభై ఏళ్లు ఆగిన యంత్రం ఒక్క క్షణంలో పోతుంది.

ఇన్ని అడ్డంకుల మధ్య అల్ ఖోర్ లాంటి ఊరిలో ఈ అభిరుచి వస్తువులను వదులుకుని బతకడం నేర్చుకుంది. పాత యంత్రం ప్రవర్తనను కొత్త కంప్యూటరులో అక్షరాలా అనుకరించే ప్రోగ్రామును ఎమ్యులేటర్ అంటారు; ఎంఎస్ఎక్స్‌కు ఓపెన్‌ఎంఎస్ఎక్స్, స్పెక్ట్రమ్‌కు ఫ్యూజ్, కొమొడోర్ 64కు వైస్ అనేవి స్వచ్ఛందంగా పనిచేసేవారు దశాబ్దాలుగా మెరుగుపరుస్తూ వస్తున్న ఎమ్యులేటర్లు. తయారైన తర్వాత కూడా లోపలి తర్కపథాలను కోరినట్టు తిరిగి కట్టుకోగల ఎఫ్‌పీజీఏ అనే చిప్పుతో పాత యంత్రపు వలయాలనే మళ్లీ నిర్మించే మిస్టర్ పథకం 2017లో మొదలైంది. దాని పలక అరచేతిలో ఇముడుతుంది, చేతిసంచిలో పడుతుంది. క్వార్టరు ఖాళీ చేయవలసి వచ్చినవాడికి ఇంతకన్నా అనుకూలమైన సేకరణ ఉండదు. అసలు యంత్రాలు ఉన్నవారు కొందరు దీన్ని చిన్నచూపు చూస్తారు, ప్లాస్టిక్కు స్పర్శ లేనిది అభిరుచే కాదంటారు. ఆ మాటలో న్యాయం కన్నా ఆస్తి గర్వం ఎక్కువ. స్విచ్చి వేయగానే రాయమని అడగడమే ఈ యంత్రాల సారమైతే, ఆ సారం ఎమ్యులేటరులో చెక్కుచెదరకుండా ఉంది. ఒక వెల్డరు తన మంచం మీద కూర్చుని ఫోనులోనే స్పెక్ట్రమ్ బేసిక్‌లో నాలుగు వరుసలు రాసి నడిపించగలడు, అటక ఉన్న ఇంగ్లండు సేకర్తలు చాలామంది అద్దాల బీరువాలో పెట్టిన యంత్రం మీద ఒక్క వరుసా రాయరు.

అయినా అసలు యంత్రాలు పోతే ఎమ్యులేటర్లకూ ఆధారం పోతుందన్నది మరువరానిది. అనుకరణ సరిగ్గా ఉందో లేదో తేల్చడానికి పక్కన నడిచే అసలు యంత్రం ఉండాలి. ఏ చిప్పు ఏ క్షణాన ఏ సంకేతం పంపుతుందన్నది పత్రాల్లో పూర్తిగా రాసి లేదు, కొలిచి తెలుసుకోవలసిందే. 1976 నుంచి తయారవుతూ వచ్చిన జడ్80 ప్రాసెసరు అసలు శ్రేణికి ఆర్డర్లు తీసుకోవడాన్ని జైలాగ్ సంస్థ 2024లో ఆపివేసింది. ఒక చిప్పు నలభై ఎనిమిదేళ్లు మార్కెట్లో ఉండడం అపురూపం. ఇక మీదట చెడిపోయినదానికి బదులు పాత నిల్వల్లోంచే రావాలి. హక్కుల సంగతి మరీ గజిబిజి: అనేక ప్రోగ్రాముల హక్కుదారు సంస్థలు మూతపడ్డాయి, ఎవరి అనుమతి అడగాలో చెప్పేవారు లేరు, అనుమతి కోసం ఆగితే టేపు ఆగదు. త్వరగా చెడిపోయే వస్తువుకూ, దానికన్నా ఎక్కువ కాలం నిలిచే హక్కుకూ మధ్య పోటీ వచ్చినప్పుడు ముందు కాపీ తీసి భద్రపరచి, తర్వాత హక్కుల గురించి వాదించుకోవడమే వివేకమని ఈ రంగంలో పనిచేసేవారి అనుభవం.

సఖర్ స్థాపకుడి చివరి దశ ఇక్కడ గమనించదగినది. యంత్రాల వ్యాపారం ముగిశాక అల్ షారిఖ్ తన శక్తిని అరబీ సాహిత్య, సాంస్కృతిక పత్రికల పాత సంచికలను సేకరించి, స్కాన్ చేయించి, ఎవరైనా చదువుకునేలా ఉంచడం మీద పెట్టారు. 2021లో ఇస్లాం సేవా విభాగంలో కింగ్ ఫైసల్ బహుమతి అందుకుని, 2024 మార్చిలో కన్నుమూశారు. ఇంటి కంప్యూటరుకు తన భాష నేర్పినవాడే, కాగితం మీది తన భాషను కంప్యూటరులోకి ఎక్కించడంలో శేషజీవితం గడిపాడు. యంత్రాన్ని నిలబెట్టడం కన్నా, యంత్రంతోనూ దాని చుట్టూనూ మనుషులు రాసినదాన్ని నిలబెట్టడం ముఖ్యమన్న తెలివిడి ఆ మార్పులో కనిపిస్తుంది.

తెలుగువారి వైపున మిగిలి ఉండగల సరుకు కూడా అదే తరహాది. గల్ఫ్ నుంచి వచ్చిన కార్గో పెట్టెల అడుగున, బడుల పాత బీరువాల్లో, 1980లలో కంప్యూటరు కోర్సు చదివినవారి ఇళ్లలో యంత్రాలు లేకపోయినా, చేత్తో బేసిక్ రాసుకున్న నోటు పుస్తకాలూ, పాట పేరు కొట్టేసి ప్రోగ్రాము పేరు రాసిన క్యాసెట్టులూ, బూజు పట్టిన ఫ్లాపీలూ ఉండే అవకాశం ఉంది. అలాంటిది ఏది దొరికినా తుక్కుకు వేయడానికి ముందు పాఠకులు చేయగలిగిన పని పెద్దదేమీ కాదు: బూజు ఉంటే టేపును నడపకుండా ఆపి, ముందు శుభ్రం చేయించాలి, శుభ్రంగా ఉంటే టేపు రికార్డరు ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటరు మైకు రంధ్రానికి ఒక వైరు వేసి, శబ్దాన్ని కుదించకుండా వేవ్ ఫైలుగా రికార్డు చేయాలి, ఎంపీ3గా మారిస్తే హెచ్చు స్వరాలు దెబ్బతిని ప్రోగ్రాము పోవచ్చు. క్యాసెట్టు చీటీని రెండు వైపులా ఫోటో తీసి, అది ఎవరిది, ఏ ఊరిలో, ఏ యంత్రం మీద వాడారో ఆ ఫైలు పక్కనే తెలుగులో రాసి ఉంచండి.